ముప్పై ఒక్క మంది

మా ఊరి విమానాశ్రయం గొప్పగా చెప్పుకునేదేమీ కాదు. ఒక హాలు, చెమ్మకు పెచ్చులూడిన గోడలు, ఒక టీ కొట్టు, రెండు కౌంటర్లు, ఆ రెండింటికీ కలిపి ఒకే ఒక్క తూకం యంత్రం. బస్టాండులో ఇంతకంటే ఎక్కువ సందడి ఉంటుంది. ఆ కౌంటర్లలో ఒకటి మా అక్కది, రెండోది నాది. మధ్యలో నడుమెత్తు చెక్కపలక ఒక్కటే అడ్డం.

అక్క పాత కంపెనీలో పద్నాలుగేళ్లు పనిచేసింది. పట్నానికి రోజూ పొద్దున్నే ఒక్క విమానం, డెబ్బై సీట్లది. నేను పని నేర్చుకున్నది కూడా ఆవిడ దగ్గరే. పెట్టెకు చీటీ ఎలా కట్టాలో, అరుచుకుంటూ వచ్చినవాణ్ణి మంచినీళ్లిచ్చి ఎలా కూర్చోబెట్టాలో ఆవిడే చూపించింది. కొత్త కంపెనీ మా ఊళ్లో దిగి, పని తెలిసినవాడు ఒకడు కావాలని అడిగితే, నన్ను తీసుకెళ్లి వాళ్ల ముందు నిలబెట్టింది కూడా ఆవిడే. కొరివితో తల గోక్కోవడమంటే అదే. అది అప్పుడు ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు.

కొత్త కంపెనీ చేసిన మొదటి పని తన విమానాన్ని అక్క విమానం కంటే పాతిక నిమిషాలు ముందుకు పెట్టడం. రెండోది టికెట్ ధర సగానికి సగం కోసెయ్యడం. ఊరు ఊరంతా సంబరపడిపోయింది. అంతవరకు విమానాన్ని తలెత్తి చూడడమే తప్ప ఎక్కని వాళ్లు కూడా పరామర్శలకు విమానంలో వెళ్లి వచ్చారు. "ఏమనుకోకమ్మా, మీ తమ్ముడి విమానం చౌక" అని అక్క ముందే నిలబడి చెప్పి మరీ నా వైపు జరిగేవారు. అక్క నవ్వి ఊరుకునేది. నేనూ నవ్వేవాణ్ణి. నాది గెలిచినవాడి నవ్వు. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది.

మా బావకు టైర్ల కొట్టుండేది. జాకీ జారి నడుం దెబ్బతిన్నాక కొట్టు మూసి రెండేళ్లుగా ఇంటిపట్టునే ఉన్నాడు. ఇల్లు నడిచేది అక్క జీతంతోనే. "అక్కాతమ్ముళ్లు ఆకాశాన్ని చెరి సగం పంచుకున్నారు, నాకు మాత్రం ఈ మంచం మిగిల్చారు" అని నన్ను ఆటపట్టించేవాడు. నడుం విరిగినా నోటికేం తక్కువ లేదు ఆయనకు.

అలా ఉండగా పాత కంపెనీ హెడ్డాఫీసు నుంచి కబురొచ్చింది. రాబోయే మూడు నెలల్లో మా ఊరి నుంచి విమానానికి సగటున నలభై మంది ఎక్కితే సరే, లేకపోతే ఇక్కడి స్టేషన్ను, అంటే అక్క కౌంటర్నే, ఎత్తేస్తారు. స్థానికంగా చేరినవాళ్లకు బదిలీలు లేవు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఆ మూడు నెలలూ అక్క పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. పాత ప్రయాణికులకు పేరుపేరునా ఫోన్లు చేసింది. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లను గేటు దాకా తనే తోసుకెళ్లింది. పట్నంలో ఆసుపత్రి పని ఉన్నవాళ్లకు అక్కడి మనుషులతో మాట్లాడి ఆటో కూడా తనే పురమాయించేది. ఒక్కొక్కరే మళ్లీ ఆవిడ వైపు రావడం మొదలుపెట్టారు. నాకు కడుపుమంటగానే ఉండేది. పక్క కౌంటర్లో ఉన్నది తోడబుట్టిందని పని మొదలైన గంటకే మరిచిపోయేవాణ్ణి.

గడువుకు ముందు రోజు సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. అక్క గిన్నెలు తోముతోంది. చేతులు కూడా కడుక్కోకుండా చెప్పింది.

"రేపు ముప్పై ఒక్క మంది ఉన్నార్రా. ఇరవై ఆరుగురు ఎక్కితే చాలు, సగటు నిలబడుతుంది. గట్టెక్కాం రా!"

"గట్టెక్కితే ముందు నాకో కొత్త పరుపు కొను," అన్నాడు బావ మంచం మీంచి. చాలా రోజుల తర్వాత ముగ్గురం గట్టిగా నవ్వాం.

నేను ఇంటికి వచ్చేసరికి మా ఏరియా మేనేజర్ ఫోన్ చేశాడు. "రేపు వాళ్ల లెక్క ముగిసే రోజు కదా. వాళ్ల విమానం ఎంత ఖాళీగా పోతే మనకంత మంచిది. పట్నంలో సూపర్‌వైజర్ పోస్టు ఖాళీగా ఉంది, నీ పేరు నా మనసులో ఉంది" అన్నాడు. అంతే. బెదిరించలేదు, అబద్ధమాడమనీ చెప్పలేదు. అలా చెప్పి ఉంటే తప్పు సగమైనా అతని మీదికి నెట్టేసి ఇప్పుడు హాయిగా నిద్రపోయేవాణ్ణి.

మా చిన్న స్టేషన్లో ఒక అలవాటుంది. ఒకరి విమానం రాకపోతే, వాళ్ల ప్రయాణికులను పక్కవాళ్ల విమానంలో ఖాళీ సీట్లకు అప్పగిస్తాం. కాగితం మీద లేని ఒప్పందం ఇది. పై ఆఫీసులు ఎంత కొట్టుకున్నా, మెట్ల బండి దగ్గర నుంచి మనుషుల దాకా ఇక్కడ ఇచ్చిపుచ్చుకోవడమే. అయితే అప్పగించిన మనిషి ఎక్కించుకున్న కంపెనీ లెక్కలోకే వెళ్తాడు.

మర్నాడు తెల్లారేసరికి ఎదుటి మనిషి కనపడనంత మంచు. రెండు విమానాలూ రాలేదు. ఎనిమిదిన్నరకు కాస్త తెరిపిచ్చింది, మా విమానం దిగింది. నాకున్నది ముప్పై అయిదు మంది. అక్క విమానం పట్నంలోనే ఆగిపోయిందన్నారు. ఆవిడ ముందు ముప్పై ఒక్క మందీ మూగారు. పరీక్షకు వెళ్లాల్సినవాళ్లు, కోర్టు వాయిదాకు వెళ్లాల్సినవాళ్లు, ఊరికే అరిచేవాళ్లు. దానికి తోడు పొద్దుట్నుంచీ కౌంటర్ ఫోన్ మూగబోయింది, సెల్లులో చేస్తే పట్నం కౌంటర్లో ఎవరూ ఎత్తడం లేదు.

"ఒక్కసారి పైకెళ్లి టవర్లో కనుక్కో రా. మా విమానం బయలుదేరిందంటే వీళ్లను ఆపుకుంటా. లేదంటే నీకే అప్పగిస్తా, పాపం వీళ్ల పనులు చెడిపోతాయి," అంది అక్క.

విమానాల రాకపోకలు చూసే ఆ టవర్‌కు మెట్లు నలభై రెండు. పైన ఉండే ఆయన కప్పులో టీ ఊదుకుంటూ చెప్పాడు. "మీ అక్క విమానమా? ఎగిరి ఆరు నిమిషాలైంది. నలభై నిమిషాల్లో ఇక్కడుంటుంది. వెళ్లి చెప్పు, సంతోషిస్తుంది."

దిగేటప్పుడు మెట్టు మెట్టుకీ ఏదో ఒకటి అనుకుంటూ దిగాను. ఒక్క రోజు లెక్కకే స్టేషన్ మూస్తారా అనుకున్నాను. అక్క తెలివిగలది, ఎక్కడైనా బతుకుతుంది అనుకున్నాను. పట్నంలో సూపర్‌వైజర్ అయ్యాక బావకు పరుపు నేనే కొనొచ్చు అని కూడా అనుకున్నాను. తప్పు చేసేవాడికి సాకులు వెతుక్కోవాల్సిన పనే ఉండదు, వాటంతట అవే వస్తాయి.

"ఇంకా కదల్లేదట అక్కా. ఎప్పుడు కదుల్తుందో వాళ్లకే తెలీదట," అన్నాను.

అక్క నా వైపు కాసేపు చూసింది. తర్వాత తన చీటీలు తెంపి, ముప్పై ఒక్క పెట్టెలకూ మా కంపెనీ చీటీలు తన చేత్తోనే కట్టింది. ఒక ముసలావిడకు చెయ్యందించి మా మెట్ల దాకా తీసుకొచ్చింది. డెబ్బై సీట్ల విమానంలో అరవై ఆరుగురు. మా మేనేజర్ ఫోన్లో శభాష్ అన్నాడు.

మా విమానం ఎగిరిన పది నిమిషాలకు ఆవిడ విమానం దిగింది. పట్నం ఎంత దూరమో స్టేషన్లో ఊడ్చే మనిషికి కూడా తెలుసు. అక్క వేళ్లు మడిచి లెక్కపెడుతుందేమో, అడుగుతుందేమో అని ఆవిడ చేతుల వైపే చూస్తూ నిలబడ్డాను. అడగలేదు. ఎక్కడానికి ఒక్కరూ లేని ఆ విమానం తలుపు దగ్గర నిలబడి, సంతకం పెట్టి, కాగితాలు లోపలికి అందించింది. "టీ తాగుదాం రా" అంది వచ్చి. తాగాం.

పదిహేను రోజుల్లో పాత కంపెనీ మనుషులొచ్చి బోర్డు విప్పుకుపోయారు. పద్నాలుగేళ్ల అక్క సామానంతా ఒక చేతిసంచిలో పట్టింది. ఆ మధ్యాహ్నం ఆవిడ ఏడవలేదు. నేను మరుగుదొడ్లో తలుపేసుకుని ఏడ్చాను, బయటికొచ్చి మళ్లీ కౌంటర్లో కూర్చున్నాను.

తర్వాత జరిగింది లోకమెరిగిందే. నెల తిరక్కుండా మా టికెట్ ధర పాత కంపెనీ ధరను కూడా మించిపోయింది. రెండో నెలలో విమానం వారానికి మూడు రోజులైంది. నాలుగో నెలలో అదీ లేదు. "మీ రూట్లో మన పనైపోయింది, విమానాన్ని ఇంకో ఊరికి మార్చాం" అన్నాడు మేనేజర్. ఆ ఊళ్లోనూ ఒక పాత కంపెనీ ఉందట. ఏరు దాటాక తెప్ప తగలేశారు. ఆ తెప్పను నేనే. సూపర్‌వైజర్ పోస్టు అప్పటికే ఎవరి బంధువుకో వెళ్లిపోయింది. ఊరికి మాత్రం కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఇప్పుడు చావైనా బతుకైనా పట్నానికి ఏడు గంటల బస్సే గతి.

ఆ బస్సు కంపెనీ కిటికీలోనే అక్కకు పని దొరికింది. జీతం సగం. గాలాడని చిన్న గది, ఫ్యాను తిరిగితే టికెట్లు ఎగిరిపోతాయని ఫ్యాను కట్టేసుకుని కూర్చుంటుంది. పట్నంలో ఒక గోడౌన్లో లెక్కలు రాసే పని ఉందని తెలిసి, పోయిన వారం టికెట్ కోసం వెళ్లాను. అందరూ వెళ్లేదాకా పక్కన నిలబడ్డాను. చెప్పకుండా ఊరు దాటకూడదని ఇంట్లోనే గట్టిగా అనుకుని బయలుదేరాను.

"అక్కా, ఆ రోజు టవర్లో..." అన్నాను. "మీ విమానం అప్పటికే ఎగిరింది. నాకు తెలిసే అలా చెప్పాను."

అక్క టికెట్ పుస్తకంలోంచి తలెత్తలేదు. "తెలుసు రా," అంది.

"తెలుసా?"

"నువ్వు మెట్లెక్కుతుండగానే పట్నం కౌంటర్ అమ్మాయి నా సెల్లుకు మెసేజ్ పెట్టింది. బయలుదేరిందని."

"మరి వాళ్లందర్నీ నాకెందుకిచ్చావక్కా? ఆ రోజే ఆఖరు కదా!"

అప్పుడు తలెత్తింది. "నువ్వు దిగొచ్చి అలా చెప్పగానే, వీడు పుట్టిన దగ్గర్నుంచి నాతో అబద్ధమాడలేదు, ఇవాళ ఆడాడంటే వీడి ఉద్యోగం పీకల మీదికొచ్చి ఉంటుంది అనుకున్నా. విమానం నింపకపోతే తీసేస్తామని బెదిరించి ఉంటారు. ఇద్దరిలో ఒక్కరిదే నిలబడేలా ఉంటే, చిన్నవాడివి, నీదే నిలబడనీ అనుకున్నా. నీదీ నిలబడలేదు, అది వేరే సంగతి."

వెనక ఎవరో ఇద్దరు సంచులతో వచ్చి నిలబడ్డారు.

"మీ బావ ఒప్పుకోడు," అంది గొంతు తగ్గించి. "వాడు నిన్ను అమ్ముకున్నాడే అంటాడు. రోజూ ఇదే గొడవ మా ఇద్దరికీ. నువ్వే చెప్పు. నిజంగానే తీసేస్తామన్నారు కదూ?"

ఆవిడ కళ్లలోకి చూశాను. ఆ ఒక్క మాట పట్టుకునే ఆవిడ ఆ ఉక్క గదిలో ఇన్నాళ్లూ కూర్చుని ఉందని అర్థమైంది.

"అవునక్కా," అన్నాను. "తీసేస్తామన్నారు."

"చూశావా, నేనన్లా?" అంది. ఇన్ని నెలల్లో మొదటిసారి ముఖం విప్పారింది. టికెట్ చించి నా చేతిలో పెట్టి, వెనకున్నవాళ్లను ముందుకు రమ్మంది.