ముల్లు నొక్కిన గాలం

మా ఆయన సాయన్న చేతికి కటింగ్ ప్లేయర్ దొరికితే ఇక ఇల్లు పట్టదు. ఆ రోజు పొద్దున్నే అరుగు మీద, చేపకు ఎరగా వేసే రబ్బరు కప్పను ముందేసుకుని కూర్చున్నాడు. కప్ప కింద మూడు కొక్కేల గాలం. ఒక కొక్కెం తుంచి పారేశాడు. మిగిలిన రెండూ నాచుకూ తుమ్మకంపకూ తగులుకోకుండా కప్ప వీపు వైపు వంచాడు. అంతటితో ఆగాడా? పడ్డ చేప జారిపోకుండా మొన దగ్గర ఉండే ఎదురు ముల్లును కూడా చదునుగా నొక్కేశాడు.

నాకు ఒళ్లు మండింది. మా బిడ్డ వసంత వనపర్తి దవాఖానలో ఆపరేషన్ కాన్పై, నిన్ననే కుట్లతో ఇల్లు చేరింది. కుట్లు మానాలంటే కొర్రమీను పెట్టాలి. నా కాన్పుకు మా అమ్మ పెట్టింది, నా బిడ్డకు నేను పెట్టుకోవద్దా?

“చేపను పట్టాల్నా, దండం పెట్టి సాగనంపాల్నా?” అన్నాను.

“దారం బిగ్గ పట్టుకుంటే పోదు. వద్దనుకుంటే నోరు చినగకుండ ఇడ్వొచ్చు,” అన్నాడు తలెత్తకుండా.

“ఇడ్సుడు తర్వాత. ముందు పట్టు. నేను గూడ వస్త.”

వసంత దగ్గర మా ఆడబిడ్డను కూర్చోబెట్టి, పాన్‌గల్ బయటి కుంటకు వెళ్లాం. కప్ప తామరాకుల మీద ఎక్కడా చిక్కకుండా గెంతుతూ వచ్చింది. అంతవరకు మెచ్చుకోవాల్సిందే. చేప మాత్రం ముట్టలేదు. ఎండ ఎక్కుతుంటే, తుంగ పక్కన నీళ్లు సన్నగా మసలడం కనిపించింది.

“అగో, ఆడ వెయ్యి.”

“ఆడ వద్దే.”

“ఎందుకొద్దు? నీకు బిడ్డ కంటే చేపనే ఎక్కువైందా?”

అనకూడని మాట. అనేశాను. సాయన్న కప్పను అక్కడికే విసిరాడు. నీళ్లు భళ్లున లేచాయి. కాసేపటికి మోచెయ్యంత కొర్రమీను ఒడ్డుకు వచ్చింది. సంతోషం పట్టలేక నేనే తడి చేతులతో దాన్ని ఒడిసి పట్టుకున్నాను.

అప్పుడు చూశాను. తుంగ పక్కన ఎర్రెర్రగా సన్నటి పిల్లలు, ఒకటే గుంపు. ఎటు పోవాలో తెలియక అక్కడే తిరుగుతున్నాయి.

“అది ఆకలికి పట్టలే,” అన్నాడు సాయన్న. “పిల్లల మీదికి ఏందో వచ్చిందని కొట్టింది. తల్లో తండ్రో నాకు తెల్వదు. పెద్దయ్యేదాక గట్ల కావలుంటది.”

“ముందే చెప్పొద్దా?”

“చెప్పనిస్తివా?”

తుంగ దగ్గర కొంగ వాలింది. ఒకసారి ముక్కు ముంచింది, మళ్లీ ముంచింది. నా చేతిలో చేప కొట్టుకుంటోంది. నిజం చెప్పాలంటే అప్పటికీ వదలబుద్ధి కాలేదు. పక్కకు తిరగడానికే పళ్లు బిగబట్టే నా బిడ్డ కళ్లలో మెదిలింది. ఆ నొప్పిలోనూ పాప ఏడిస్తే ముందు చెయ్యి చాపేది అదే.

కొక్కేన్ని రెండు వేళ్లతో పట్టి వెనక్కి తీశాను. గుడ్డలోంచి సూది వచ్చినట్టు వచ్చేసింది. నోరు చినగలేదు. నీళ్లలోకి వదిలితే ఒక్క క్షణం నిలబడి, నేరుగా తుంగ వైపు దూసుకుపోయింది. నీళ్లు అదిరి కొంగ లేచిపోయింది.

ఇంటికి రాగానే పాపకు పాలిస్తున్న వసంత అడిగింది. “అమ్మా, దొరికిందా?”

“దొరికింది బిడ్డా. పిల్లలున్నయని ఇడిసినం.”

వసంత పాప తల నిమిరింది. “దెబ్బ తగల్లే గద దానికి?”

“తగల్లే. మీ నాయిన ముల్లు నొక్కిండు.”

ఆ పూట పప్పుచారే పొయ్యి మీద పెట్టాను. తర్వాత గూట్లోని గాలాల డబ్బా తెచ్చి సాయన్న ముందు బోర్లించాను.

“గివి గూడ నొక్కు,” అన్నాను.