నూట నాలుగు

మొయినుద్దీన్ సాబు కుంపటి ముందు గొంతుక్కూర్చుని విసురుతున్నాడు. బూడిద ఎగిరి గడ్డమంతా పడింది. యుద్ధం పుణ్యమా అని స్పిరిటు దొరకడం లేదు, వనపర్తి బడిలో సైన్సు ప్రయోగాలన్నీ కుంపటి మీదే. దాని మీద ఇత్తడి గిన్నె, గిన్నెలో నీళ్ళు, నీళ్ళలో దారంతో వేలాడదీసిన థర్మామీటరు.

సన్నటి మనిషి. అతుకు వేసిన షేర్వానీ, ముక్కు మీద నిలవని కళ్ళజోడు. ఇన్నేళ్ళ కొలువులో ఆయన గురించి ఎవరూ మంచీ అనుకోలేదు, చెడూ అనుకోలేదు. ఇవాళ్టితో ఆ కొలువు చెల్లు. సాయంత్రం బస్సుకి సొంతూరు కల్వకుర్తి పోవాలి.

ఆయనకు ఒక్కటే దిగులు. ఏటా ఇదే ప్రయోగం. ఏటా పిల్లలు నీళ్ళు కాగకముందే ‘నూరు డిగ్రీలు’ అని రాసేసి చేతులు కట్టుకుంటారు. పుస్తకంలో ఉందిగా! థర్మామీటరు వంక చూసిన పాపాన పోయినవాడు లేడు. ఈ ఒక్కరోజైనా ఒక్కడు చూడకపోతే, తను ఇన్నాళ్ళూ నీళ్ళు కాచాడే గానీ పాఠం చెప్పలేదన్నమాట.

అందుకే ఇవాళ పిల్లలు రాకముందే గిన్నెలో పిడికిళ్ళ కొద్దీ ఉప్పు పోసి కలిపేశాడు. ఈ వయసులో దొంగపని! తనకే నవ్వు వచ్చింది.

పిల్లలు వచ్చారు. నీళ్ళు బుడబుడమంటూ తెర్లాయి.

"సూసి రాసిండ్రా?"

"రాసినం సాబ్!" అంతా ఒక్క గొంతు.

పెబ్బేరు నుంచి వచ్చే లింగయ్య మాత్రం గిన్నె మీదికి వంగి, చేత్తో ఆవిరి తోసి, మళ్ళీ చూశాడు.

"సాబ్, గీడ నూట నాలుగున్నది. నా కండ్లు ఖరాబైనయో ఏమో తెల్వదు."

క్లాసంతా గొల్లున నవ్వింది. మొయినుద్దీన్ విసనకర్ర పక్కన పడేసి లింగయ్య దగ్గరికి వచ్చాడు.

"నీ కండ్లు మంచిగనే ఉన్నయి బిడ్డా. నువ్వు సూసిందే రాయి. ఎందుకట్లయిందో గూడ నువ్వే చెప్పాలె."

నవ్వినవాళ్ళు ఎగబడ్డారు. వాళ్ళకీ నూట నాలుగే! వాళ్ళలో ఇస్రాయేలు అనేవాడు గరిటెడు నీళ్ళు చల్లార్చి నాలుక మీద వేసుకున్నాడు.

"ఉప్పురా! సాబు ఉప్పేసిండు!"

ఇక చూడాలి ఆ సంబరం. "బెల్లమేస్తే ఏమైతది?" "జర ఆగు, ముందుగాల ఉత్త నీళ్ళు పెడ్దాం!" ఉత్త నీళ్ళు తొంభై తొమ్మిదికే తెర్లేసరికి అరుపులు మిన్నంటాయి. ఊరు సముద్రమట్టానికి ఎత్తున ఉండబట్టి అలా అని చెప్పబోయి, ఆయన నోరు మూసుకున్నాడు. వాళ్ళే వెతుక్కుంటారు.

బడిగంట మోగింది. ఎవరూ కదల్లేదు. బస్సు వేళ దాటుతోంది. మొయినుద్దీన్ గడప దగ్గర ఆగాడు. ఒక్కడు తల తిప్పితే సలాం చెబుదామనుకున్నాడు. తలలన్నీ గిన్నె మీదే ఉన్నాయి. ఆయనకు కడుపు నిండిపోయింది. చప్పుడు కాకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

సాబు మెడలో వేద్దామని పిల్లలు తెచ్చిన బంతిపూల దండ, కుంపటి పక్కన బల్ల మీద, ఆవిరికి తడుస్తూ అలాగే ఉండిపోయింది.