ఏడు గిన్నెల చప్పుడు

నేను ఒక ఇత్తడి పోపుల డబ్బాని. నా కడుపులో ఏడు చిన్న గిన్నెలున్నాయి. వాటితో పాటు ఇరవై నాలుగేళ్ళుగా ఒక సందేహం కూడా ఉంది. ఆ వేసవిలో నేను అంత చప్పుడు చెయ్యకుండా ఉండి ఉంటే, ఆ ఇంట్లో ఒక మనిషి బతికేదా? మనుషులకైతే ఇలాంటివి అడుక్కోవడానికి గుళ్ళున్నాయి, గురువులున్నారు. డబ్బాని, నేనెవరిని అడగను? అందుకే మీకు చెబుతున్నాను.

నేను పుట్టింది ఇత్తడి సామాన్లకి పేరున్న అజ్జరంలో. నన్ను కొట్టిన కంచరి తాతకి చూపు సగమే ఉండేది. గిన్నె తయారవగానే వేలితో మీటి చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. ఏ రెండు గిన్నెలూ ఒకేలా మోగవని కొనేవాళ్ళు పేచీ పెడితే, "చేత్తో కొట్టింది బాబూ. నీ పిల్లలందరిదీ ఒకటే గొంతా?" అనేవాడు. నన్ను సత్యవేణి పెళ్ళి సారెలో పెట్టడానికి వాళ్ళ నాన్న కొన్నాడు. అలా బిందెలతో, చెంబులతో కలిసి మండపేటలో గవర్రాజు ఇంటికి కాపరానికొచ్చాను.

గవర్రాజు రైసుమిల్లులో కాటా దగ్గర పని చేసేవాడు. గొంతెత్తి మాట్లాడని మనిషి. అతని తల్లి మాణిక్యాలమ్మ మాటే ఆ ఇంట్లో చెల్లేది. ఆవిడ చెడ్డది కాదు. దేవుడంటే ప్రాణం. శుక్రవారం పూట గడపతో పాటు నా మూతకి కూడా బొట్టు పెట్టేది. అన్నం పెట్టేవన్నీ లక్ష్మే అనేది. సత్యవేణి మాత్రం బొట్టు పెట్టకుండానే నన్ను బాగా చూసుకుంది. ఇరుగమ్మతో గోడ మీంచి కబుర్లాడుతూ, ఇటు చూడకుండానే చెయ్యి పెట్టి ఆవాలూ జీలకర్రా తీసేది. ఒక్కసారి కూడా తప్పు గిన్నెలో వేలు పెట్టలేదు.

వాళ్ళ పిల్ల లోవకి రెండేళ్ళు నిండిన వైశాఖంలో సత్యవేణికి ఒళ్ళంతా పొక్కులు లేచాయి. "అమ్మవారు పోసింది" అని మాణిక్యాలమ్మ చేతులు జోడించి, గుమ్మానికి వేపమండలు కట్టింది. అమ్మవారు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ తాలింపు వెయ్యకూడదని వాళ్ళకొక కట్టడి ఉంది. నూనె చిటపటలాడితే ఆ తల్లికి ఒళ్ళు మండుతుందట. చప్పిడి పప్పూ పెరుగన్నమూ తినాలి. అలా పుట్టాక మొదటిసారి నాకు సెలవు దొరికింది. మనుషులకి సెలవిస్తే పడుకుంటారు. నాకు మాత్రం అంతవరకూ చేసినదానికన్నా పెద్ద పని అప్పజెప్పారు.

ఆ పని పేరు లోవ. పిల్ల తల్లి గదిలోకి పోకూడదు. బయటికి పంపుదామంటే నిప్పులు కురిసే ఎండ. పైగా అమ్మవారున్న ఇంటి పిల్లని ఎవరు రానిస్తారు? వంటకీ రోగికీ మాణిక్యాలమ్మ చాలింది. పిల్లని ఆడించడానికి గవర్రాజు మిల్లు మానేసి సావిట్లో కూర్చున్నాడు. అప్పడాల కర్రని బస్సు చేశాడు. తువ్వాలుని ఏనుగు తొండం చేశాడు. పీటని గుర్రం చేసి, చివరికి తనే గుర్రమయ్యాడు. ఇవన్నీ కలిపి గంట నిలవలేదు. పిల్ల మళ్ళీ తల్లి గది తలుపు దగ్గరికే పోయింది.

"వంద బస్తాలు దింపినా ఇంత అలుపు రాదే అమ్మా" అన్నాడు.

"పెంచితే కదా తెలిసేది. ఇన్నాళ్ళూ ముద్దులాడ్డమే చేశావు."

"ఆ పోపుల డబ్బా ఎలాగూ ఊరికే ఉంది. ఇయ్యి ఇలాగ."

"ఒరే, అది లక్ష్మిరా. ఆడుకునే బొమ్మనుకున్నావా?"

"లక్ష్మి కాసేపు ఆడుకుంటే తప్పేంటంట?"

ఆవిడ నాలో ఉన్నవన్నీ కాగితాల్లో పొట్లం కట్టేసి, గుప్పెడు చింతగింజలు పోసి ఇచ్చింది.

పెద్దవాళ్ళకి ఏమీ కాని పని పసిపిల్లకి పెద్ద ఉద్యోగం. లోవ ఒక గిన్నెలో గింజలన్నీ ఇంకో గిన్నెలోకి పోసేది. అక్కడి నుంచి మళ్ళీ మొదటి దాంట్లోకి పోసేది. మా గిన్నెల్ని ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, పడగొట్టి, పడినందుకు చప్పట్లు కొట్టేది. మూత నెత్తిన పెట్టుకుని తండ్రి చుట్టూ తిరిగేది. గిన్నెలో నీళ్ళు పోసిస్తే వేలు ముంచి గచ్చు మీద గీతలు గీసేది. ఎండవేడికి గీత ఆరిపోతే "పోయింది" అని మళ్ళీ గీసేది. అన్నిటికన్నా దానికి నచ్చింది దొంగాట. గవర్రాజు ఏడు గిన్నెలూ బోర్లించి, ఒకదాని కింద చింతగింజ దాచేవాడు. అది ఒక్కొక్కటీ ఎత్తి చూసేది. దొంగ దొరికితే ఇల్లెగిరిపోయేలా కేకలు పెట్టేది.

రెండో రోజు ఆ ఆటలోకి లోపలి నుంచి ఒక గొంతు వచ్చి కలిసింది.

"ఏవండోయ్, దొంగ మెంతుల గిన్నె కింద ఉన్నాడు."

గవర్రాజు ఎత్తి చూస్తే నిజంగానే ఉంది. "గోడ అవతల నుంచి నీకెలా తెలిసిందే?"

"నాలుగేళ్ళుగా వాటితో కాపరం చేస్తున్నాను. గింజ మీద బోర్లిస్తే ఏది ఎలా మోగుద్దో తెలీదా? మీ గొంతు కన్నా వాటి గొంతే ఎక్కువ విన్నాను ఈ ఇంట్లో."

వంటింట్లోంచి మాణిక్యాలమ్మ కూడా నవ్వింది. ఆ మూడు రోజులూ అమ్మవారి ఇల్లులా లేదు, పండగ ఇల్లులా ఉంది. పిల్ల తలుపుకి ఇవతల, తల్లి అవతల, మధ్యలో నేను.

ఐదో రోజున సత్యవేణికి దగ్గు పట్టుకుంది. ఆ దగ్గు వినపడగానే లోవ గిన్నెలు పడేసి తలుపు దగ్గరికి పరిగెత్తి ఏడ్చేది. గవర్రాజు ఒక ఉపాయం కనిపెట్టాడు. గింజలన్నీ నాలో పోసి, మూత పెట్టి గలగలా ఆడించేవాడు. పిల్ల వెనక్కి తిరిగి వచ్చి ఆ గలగలకి చిందులేసేది. దగ్గు వచ్చినప్పుడల్లా నన్ను ఆడించాడు. ఆరో రోజుకి నా చప్పుడు ఆగడమే గగనమైపోయింది. ఆ చప్పుడు కింద దగ్గు మునిగిపోయింది. దగ్గు వెనకాల వచ్చిన ఆయాసమూ మునిగిపోయింది.

ఏడో రోజు పొద్దున్న గవర్రాజు నన్ను కింద పెట్టి తల్లి దగ్గరికెళ్ళాడు. "అమ్మా, సత్య మాట్లాడలేకపోతోంది. ఆసుపత్రికి తీసుకెళ్తాను."

"ఎల్లుండి తొమ్మిదో రోజు. నీళ్ళు పోసేస్తే అమ్మవారు చల్లబడి తన దారిన తను వెళ్ళిపోద్ది. ఈలోగా సూది పొడిపిస్తే ఆవిడికి కోపం రాదేంట్రా?"

అతను వచ్చి మళ్ళీ నన్ను చేతిలోకి తీసుకున్నాడు. మందిస్తే కోపమొస్తుందని ఆ అమ్మవారు ఎవరితో చెప్పిందో నాకు ఈనాటికీ తెలియదు. తల్లీ తల్లీ అని పిలుస్తారు. కూతురికి ఊపిరాడకపోతే వైద్యం చేయించినవాళ్ళ మీద ఏ తల్లి కోప్పడుతుంది? అడిగేవాళ్ళు ఆ ఇంట్లో లేరు. అడగగలిగిన సత్యవేణికి గొంతు పెగలడం లేదు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం గవర్రాజు గిన్నెలు బోర్లించి, అలవాటుగా గది వైపు చెవి పెట్టాడు. ఏ గొంతూ రాలేదు. లోవ కూడా తలుపు వైపే చూసింది. "అమ్మా, దొంగ!" అని పిలిచింది.

"నిద్రపోతోందిలే. నువ్వే పట్టుకో నాన్నా."

అది ఆరు గిన్నెలు ఎత్తింది. ఏడో దాని కింద గింజ దొరికింది. గవర్రాజు చప్పట్లు కొట్టాడు. అప్పుడే మజ్జిగ పట్టుకుని గదిలోకెళ్ళిన మాణిక్యాలమ్మ చేతిలోంచి గ్లాసు జారి పడింది.

మిల్లు వ్యానులో తీసుకెళ్ళారు. ఊపిరితిత్తులకి నిమ్ము చేరిందని, రెండు రోజుల ముందు తెచ్చి ఉంటే బాగుండేదని అన్నారట. నేను ఆసుపత్రికి వెళ్ళలేదు. ఏడ్చుకుంటూ వచ్చినవాళ్ళ మాటల్లో విన్నాను. సత్యవేణి తిరిగి ఇంట్లోకి రాలేదు.

ఆ తర్వాత నెల రోజులు లోవ నాతో ఒకటే ఆట ఆడింది. గిన్నెలన్నీ తనే బోర్లించుకుని, ఒక్కొక్కటీ ఎత్తి, కిందకి చూసి, "అమ్మ" అనేది. కనపడనిది ఏదైనా ఏదో ఒక గిన్నె కింద ఉంటుందని దానికి నేర్పింది మేమే. ఏడూ ఎత్తి చూశాక మళ్ళీ మొదటిదాని నుంచి మొదలుపెట్టేది. ఒక రోజు గవర్రాజు అది చూడలేక, నన్ను పాత పంచెలో మూటగట్టి అటకెక్కించాడు. వంటింట్లోకి ప్లాస్టిక్ డబ్బాలు వచ్చాయి.

మొన్న శ్రావణంలో నాలుగు రోజుల ముసురు పట్టింది. ఇప్పుడు లోవకి ఇరవై ఆరేళ్ళు. రావులపాలెం నుంచి తన ఏడాదిన్నర కూతుర్ని తీసుకుని పుట్టింటికి వచ్చింది. కరెంటు పోయింది, సెల్లు చచ్చిపోయింది, పాప ఇల్లు పీకి పందిరేస్తోంది. ఆడించడానికి ఏదన్నా ఉందేమోనని లోవ అటక ఎక్కి వెతికి, నన్ను దింపింది. సావిట్లో మూట విప్పగానే గవర్రాజు చూసి, గొడుగు తీసుకుని ఆ వానలోనే బయటికి వెళ్ళిపోయాడు.

పాప గిన్నెల్లో చేతులు పెట్టి గలగలలాడిస్తోంది. లోవ అడిగింది, "మామ్మా, మా అమ్మ నన్ను దీంతోనే ఆడించేదా?"

మాణిక్యాలమ్మకి ఇప్పుడు డెబ్భై ఆరేళ్ళు. ఇన్నేళ్ళూ ఎవరడిగినా "అమ్మవారు తీసుకుపోయింది" అనే చెప్పింది ఆవిడ.

"అమ్మ కాదే, మీ నాన్న. అమ్మ ఆ గదిలో ఉండేది." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆసుపత్రికి తీసుకెళ్తానన్నాడే మీ నాన్న. నేనే వద్దన్నాను."

"తెలుసు మామ్మా."

"ఎవరు చెప్పారే?"

"వీధిలో చెప్పనివాళ్ళు ఎవరు? నువ్వు ఎప్పుడు చెప్తావా అని చూస్తున్నాను."

మర్నాడు ముసురు కాస్త తెరిపిచ్చింది. మాణిక్యాలమ్మ నానబెట్టిన బియ్యం రోట్లో దంచుతోంది. "మిక్సీలో వేసిస్తాను, లే" అంది లోవ. "ఇది నా మొక్కే, నువ్వు ముట్టుకోకు" అందావిడ.

దంచుతూ ఆవిడ లోవతో చెబుతుంటే అప్పుడు తెలిసింది నాకు. కోడలు పడకేసిన మొదటి పూటే ఆవిడ వీధి చివరి గుడిలోని నూకాలమ్మకి మొక్కుకుందట, పసిదానికి సోకకుండా కాస్తే చలిమిడి తెచ్చి పెడతానని. లోవకి ఒక్క పొక్కు కూడా లేవలేదు. కానీ కోడలు పోయాక ఆవిడ ఆ గుడి మెట్టెక్కలేదు. బజారుకి కూడా పక్క సందులోంచి తిరిగి వెళ్ళేదట.

నాలోంచి గిన్నెలు తీసేసి, చింతపండుతో తోమి, చలిమిడి ముద్ద నాలోనే పెట్టుకుని నడిచింది. లోవ పాపని చంకనేసుకుని వెనకాల వచ్చింది. గుడిలో ఇంకెవరూ లేరు. మాణిక్యాలమ్మ నా మూత తీసి, అరిటాకు ముక్కలో ముద్ద పెట్టింది.

"పిల్లని కాయమన్నాను, కాచావు తల్లీ. కోడల్ని కాచుకోవాల్సింది నేను. ఆ తప్పు నీ మీదికి తోసేసి, నీకు పెట్టాల్సింది ఎగ్గొట్టాను."

నేల మీద నుదురు ఆనించి ఆవిడ ఎంతసేపటికీ లేవలేదు. లోవ పాపని కిందకి దింపి, వంగి, ముసలమ్మ రెండు చేతులూ పట్టుకుని లేపింది. నూకాలమ్మ బాకీ తీరింది.