పచ్చరంగులో రెండు గీతలు

“తాంబూలం మరకేలే పుష్పా. చన్నీళ్ళలో నానెయ్యి. వేణ్ణీళ్ళు తగలనీకు,” అంటూ అత్తగారు రత్తమ్మ కొడుకు పంచెను బకెట్టు పక్కన పడేసి వెళ్ళిపోయింది.

పుష్పవతి చెయ్యి ఆగిపోయింది. పదేళ్ళుగా ఆ ఇంట్లో తాంబూలం మరకలు ఉతుకుతోంది. ప్రతిసారీ సోడా వేసి ఉడకబెట్టమనే మనిషి ఇవాళ చన్నీళ్ళంటుందేం?

మొన్న సాయంత్రం వత్సవాయి దగ్గర తమ పత్తిచేలో, కూలికొచ్చిన ఆరోగ్యమ్మ తల పగిలి శవమై కనిపించింది. ఆ పొద్దున మొగుడు ఏలీయాతో పోట్లాడిందట. పోలీసులు అతన్నే పట్టుకుపోయారు. రేపు నందిగామ కోర్టులో హాజరుపరుస్తారు. “నేనసలు చేలోకే వెళ్ళలా. తెల్లారే వేదాద్రి గుడికి వెళ్ళా, చీకటిపడ్డాక వచ్చా,” అని పుష్పవతి మొగుడు వరప్రసాదరావు అడగనివాళ్ళకి కూడా చెబుతున్నాడు. అతను ఎవరికైనా అంత ఓపిగ్గా సంజాయిషీ ఇచ్చుకోవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

మరక అంచున చిన్న ముక్క కత్తిరించింది. పంచెను కాలేజీ సంచి అడుగున దాచి, బకెట్లో మరో పంచె నానేసింది. వంట ముగించి, అందరికీ వడ్డించి, జగ్గయ్యపేటలో బస్సెక్కింది.

నందిగామ కాలేజీలో ఆమె ఫిజిక్స్ డిమాన్‌స్ట్రేటరు. “ఆ గొట్టంలో చూసి ఏం కనిపెడతావే? ముందు చారులో ఉప్పు కనిపెట్టు,” అని మొగుడు నలుగుర్నీ నవ్వించే గొట్టం, వెలుతుర్ని రంగులుగా విడగొట్టి చూపే స్పెక్ట్రోస్కోపు. మధ్యాహ్నం లాబ్ తలుపేసుకుని, దారిలో కొన్న కిళ్ళీ నమిలి, ఆ రసం నీళ్ళలో కలిపి, వెలుతురుకి అడ్డంపెట్టి చూసింది. ఇంద్రధనుస్సు కాస్త మసకబారింది, అంతే. తర్వాత గుడ్డముక్క నానిన నీళ్ళు పెట్టింది. పసుపు దాటి, పచ్చరంగులో, పక్కపక్కనే రెండు నల్లటి గీతలు.

నెత్తురు!

ఎవరిదో వెలుతురు చెప్పదు. మేకదైనా అవే గీతలు. కానీ మేకదైతే తాంబూలమని బొంకడం దేనికి?

సాయంత్రం దండెం మీది పంచె చూసి రత్తమ్మ తృప్తిగా తలాడించింది. “బాగానే వదిలిందే!”

“తాంబూలానికి చన్నీళ్ళేంటి అత్తయ్యా?”

రత్తమ్మ ఒత్తులు చేయడం ఆపలేదు. “ఆడపుట్టుక పుట్టావు. ఏ మరకకి ఏ నీళ్ళో నీకు నేను చెప్పాలా? ఉతికావుగా. ఇంక మాట్లాడకు.”

మర్నాడు బస్సు కాలేజీ దగ్గర ఆగింది. పుష్పవతి దిగలేదు. సంచిని ఒళ్ళో బిగించి పట్టుకుని, “కోర్టు దగ్గర దింపండి,” అంది కండక్టరుతో.

పదేళ్ళలో ఆ ఇంటి బట్ట ఒకటి ఆమె ఉతక్కుండా వదిలేయడం అదే మొదలు.