పదకొండు నిమిషాలు

"పదకొండు నిమిషాలే కదే! దానికి మొకం అలా మాడ్సుకున్నావేటి?" అంది మా అత్త, చేతికంటిన మినప్పిండి కొళాయి కింద కడుక్కుంటూ.

వంటింటి గట్టు మీద, ప్లాస్టిక్ గొట్టాల మధ్య నా పంపు ఏమీ ఎరగనట్టు తిరుగుతోంది. కోడిగుడ్డంత ఉంటుంది. బలం తగ్గిన గుండె పక్కన కూర్చుని, అది తోయలేని నెత్తురు తను తోసిపెట్టాలి. మనిషి ఒంట్లో పెట్టే మాట ఎత్తాలంటే ముందు ముప్ఫై రోజులు ఆగకుండా తిప్పి చూపించాలి. నెత్తురు బదులు, దానంత చిక్కగా కలిపిన గ్లిజరిన్ నీళ్లు. సెలవులకి మా ల్యాబులో కరెంటు తీసేస్తారని, ఇన్వర్టరున్న మా ఇంటికి మోసుకొచ్చాను. ఇరవై రెండు రోజులు గుయ్యిమంటూ తిరిగింది. ఇరవై మూడో రోజు, అంటే ఈ ఆదివారం మధ్యాహ్నం, మిక్సీ పెట్టే సాకెట్టు కాలిపోయింది. అత్త పక్కనున్న పంపు ప్లగ్గు పీకి, అక్కడ మిక్సీ పెట్టి పిండి రుబ్బుకుని, మళ్లీ పంపు ప్లగ్గు పెట్టేసింది. పంపు మళ్లీ తిరిగింది. కానీ ఎంతసేపు ఆగిందో లాప్‌టాప్ లెక్కపెట్టి మరీ చూపించింది.

వచ్చే వారం మా ల్యాబు కమిటీ ముందు ముప్ఫై రోజుల కాగితాలు పెట్టాలి. పెట్టకపోతే మా ల్యాబులోనే ఇంకో పంపు చేస్తున్న సాయిశంకర్‌ది ముందుకెళ్తుంది, నా నాలుగేళ్ల పని అటకెక్కుతుంది.

"దీనికేటి ఇంత ఆలోసన?" అన్నాడు నా మొగుడు, అర్జునరావు బావ, గుమ్మంలోంచే. "ఆ బుక్కులో పైనున్న అంకె, కిందున్న అంకె సూసి మజ్జిలో నింపీ. ఎవడొచ్చి సూత్తాడు?"

"సరే బావా" అన్నాను. నిజంగానే అన్నాను.

పెన్ను తీసుకుని, పంపు అంకెలు గంటగంటకీ రాసే లాగ్ బుక్కు ముందు కూర్చున్నాక పెన్ను కదల్లేదు. నింపడం రాక కాదు. పదకొండేళ్లుగా ఈ ఇంట్లో నేను నింపుతున్నది అదే. జ్వరమొచ్చినా పొద్దున్న ఆరింటికి టిఫిన్, అంకె సరి. మద్దిలపాలెంలో బస్సు దొరక్క వానలో తడిసొచ్చినా రాత్రికి చేపల పులుసు, అంకె సరి. మూడో నెలలో కడుపు పోయిన వారం కూడా ఈ ఇంట్లో టీ ఆగలేదు. "ఏటైందే?" అని అత్త అడిగితే "ఏం లేదత్తా" అన్నాను. అదీ మధ్యలో నింపిన అంకే. అలాంటిదాన్ని, ప్రాణం లేని పంపు దగ్గర ఎందుకు ఆగిపోయాను? కోపమా అంటే, ఎవరి మీద? ప్లగ్గు మీద పెద్ద అక్షరాలతో ఆపవద్దని కాగితం అంటించాను, అదీ ఇంగ్లీషులో. మా అత్తకి తెలుగే చదవడం రాదు. ఆ సంగతి తెలిసే అంటించాను. నోటితో ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. ఎందుకు చెప్పలేదు?

మా నాన్న అప్పలరాజు గుర్తొచ్చాడు. ఆయన కోతలకి సముద్రం కూడా వెనక్కి జరుగుతుంది. సొరచేప గుండె కోసి గోనెసంచిలో వేసుకుని బస్సెక్కితే ఆనందపురం దాకా టకటకా కొట్టుకుందట. గడియారమేమోనని పక్కవాడు టైమడిగాడట. ప్రాణమున్నదే కదా అని కండక్టరు దానికీ టికెట్టు కొట్టాడట. "సేప సచ్చిపోయింది గదా నాన్నా, గుండెందుకు కొట్టుకుంది?" అని ఎనిమిదేళ్ల నేను అడిగాను. "దానికి ఆగమని ఎవులూ సెప్పలేదు మరి" అన్నాడు. నేను ఈ చదువుకొచ్చింది ఆ కోత వల్లే.

అత్త వచ్చి నా పక్కన పీట మీద కూలబడింది. మా నాన్న చెల్లెలే, కానీ ఆమెకి కోతలు రావు.

"ఇన్నాళ్లూ ఇది ఏదో నీళ్ల మోటారనుకున్నానే. నాకు సెప్పినావేటి ఎప్పుడన్నా?"

"నువ్వడిగావేటత్తా?"

"అడిగితే నవ్వుతావని."

ఇది నీరసపడ్డ గుండెకి సాయంగా మనిషి ఒంట్లో పెట్టేదని చెప్పి, ఆమె చెయ్యి పట్టుకుని గొట్టం మీద పెట్టాను. లోపల నీళ్లు తోసుకుంటూ పోతుంటే ఆమె వేళ్లు ఉలిక్కిపడ్డాయి, కానీ తియ్యలేదు.

"మనిషిలో ఉండగా ఇది పదకొండు నిమిషాలు ఆగితే?"

"గుండె మరీ నీరసంగా ఉంటే మనిషి దక్కడత్తా."

అత్త లాగ్ బుక్కు నా ముందుకి జరిపింది. "అయితే రాసీయే. పోతమ్మ ఆపిందని నా పేరే రాయి. నా పేరు ఎవులూ ఎక్కడా రాయనేదు."

లాగ్ బుక్కులో రాశాను: 'పంపు ఆగింది. పదకొండు నిమిషాలు. కారణం: ఇంట్లో చెప్పలేదు.' కింద గీత కొట్టి, కొత్త పేజీ తిప్పి, 'మొదటి రోజు' అని రాశాను. కమిటీకి ఏం చెప్పుకోవాలో ఇంకా తెలియదు. అయినా పెన్ను ఆగలేదు.

ముందు గదిలోంచి బావ కేకేశాడు. "ఏటే, నాలుగైపోనాది. టీ ఏదీ? ఏటైంది?"

'ఏం లేదు బావా, తెస్తన్నాను' అనే మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన అత్త కూడా లేవలేదు.

"ఆగింది బావా" అన్నాను.