ముడత లేని తొడుగు

ఆమెను వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. అందరికీ సీట్లమ్మే. ముప్పై ఏళ్ళుగా కార్ల సీట్లు కుడుతోంది. ఎంత వంకర సీటయినా ఆమె చేతిలో పడితే పైతొడుగు ఒంటికి అంటుకున్నట్టు కూర్చోవాల్సిందే. తన పనిలో ముడత ఉందని ఎవరైనా అంటే ఒంటికాలి మీద లేస్తుంది. నిజం చెప్పాలంటే అలా లేవాల్సిన అవసరం ఆమెకు ఎన్నడూ రాలేదు.

ఈ మధ్య మాత్రం సీట్లు రావడం తగ్గింది. కొత్త కార్ల సీట్లు ఓ పట్టాన చిరగవు. కొట్లో ఉన్న రెండు మిషన్లలో ఒకటి నెలల తరబడి ఊరికే పడి ఉంటోంది. అలాంటి రోజుల్లో పళ్ళ డాక్టరమ్మ తన కారు పైకప్పు సంగతి ఎత్తుకుని వచ్చింది.

ఆవిడది ఇద్దరు మాత్రమే పట్టే స్పోర్ట్స్ కారు. దానికి రెండు కప్పులు. ఒకటి వెనక్కి మడుచుకునే గుడ్డ కప్పు. రెండోది వెనకద్దంతో సహా ఊడదీసి మళ్ళీ బిగించుకునే గట్టి కప్పు. వానల్లో గట్టిది కావాలి, వానలు వెళ్ళాక దాన్ని తీసి ఎక్కడో దాచాలి. డాక్టరమ్మ ఉండేది నాలుగో అంతస్తు. ఆ కప్పు లిఫ్టులో పట్టదు, మంచం కింద దూరదు. ఇలాంటి కార్లే ఉన్న స్నేహితులు ఇంకో ఏడుగురున్నారట, వాళ్ళందరిదీ ఇదే అవస్థ. సీట్లమ్మ కొట్టు వెనక గదిలో ఈ కప్పు దాచి, తిరిగి బిగించిన రోజున లోపలికి చుక్క నీళ్ళు రాకపోతే, ఆ ఏడూ ఇక్కడికే వస్తాయి. ఒక్కో కప్పుకూ ఒక తొడుగు కుట్టాలి. ఏడు తొడుగులంటే కొట్టు మళ్ళీ నిలబడినట్టే.

సీట్లమ్మ సరేనంది. ఆమె కోడలు కప్పు కోసం చక్రాల స్టాండు చేయించింది. దానికి పాత సీట్ల స్పాంజి చుట్టి, కప్పును గోడవారగా నిలబెట్టింది. తొడుగు మాత్రం అత్తగారి పని.

"అత్తయ్యా, ఇది సీటు కాదు. అంచు చుట్టూ నీళ్ళు ఆపే రబ్బరుంది, బిగిస్తే అణిగిపోతుంది, కాస్త వదులుగా కుట్టండి" అంది కోడలు.

"వదులుగా కుట్టడం నాకు చేతకాదమ్మా. అంతగా కావాలంటే దానిమీద గోనెసంచి వేసుకో."

కోడలు స్పాంజి ముక్కలు ఏరుకుంటూ పక్కకు తప్పుకుంది. కాపురానికొచ్చి నాలుగేళ్ళయినా అత్తగారు మిషను మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. పాత తొడుగులు విప్పడం, స్పాంజి కోయడం, నట్లు బిగించడం, అంతవరకే ఆ పిల్లకు చనువు. సీట్లమ్మ మూడు రోజులు కూర్చుని కుట్టింది. తొడిగి చూస్తే గోరు దూర్చడానికి సందు లేదు. పక్క కొట్లవాళ్ళను పిలిచి మరీ చూపించుకుని మురిసిపోయింది.

నెలలు గడిచి మళ్ళీ మబ్బులు పట్టాయి. సాయంత్రం నాలుగింటికి డాక్టరమ్మ స్నేహితులను వెంటేసుకుని వస్తుందనగా, ఆ ఉదయం అత్తాకోడళ్ళు తొడుగు విప్పారు. కోడలు అంచు వెంట వేలు పోనిస్తూ ఎడమవైపు వెనక మూల ఆగిపోయింది. గుండ్రంగా ఉబ్బి ఉండాల్సిన రబ్బరు అక్కడ జానెడు మేర అణిగి బల్లపరుపయింది.

"పాత రబ్బరు. ఇచ్చినప్పుడే అలా ఉండుంటుంది" అంది సీట్లమ్మ.

కోడలు కప్పును లైటు దగ్గరకు లాగింది, అంతే. అణిగిన చోట బయటి వైపున వరసగా చుక్కలు కనిపించాయి. రెండు దగ్గరగా, ఒకటి ఎడంగా, మళ్ళీ రెండు దగ్గరగా. ఆ కుట్టు ఈ చుట్టుపక్కల ఇంకెవరూ వెయ్యరు. బిగువు చాలదేమోనని ఆ మూలన సీట్లమ్మే ఇంకో వరస వేసింది. తన చేతి కుట్టు రబ్బరు మీద అచ్చు పడి కనిపిస్తుంటే సీట్లమ్మకు తల తీసేసినట్టయింది.

"వాళ్ళకు ఫోన్ చేసి ఇవాళ వద్దని చెప్పేద్దాం" అంది గొంతు తగ్గించి.

"ఇంకా చాలా టైముంది. మీరు నీళ్ళు వేడి చేస్తూ ఉండండి, నేను చూస్తాను" అంది కోడలు.

కొట్లో సీట్లమ్మకు పని చెప్పినవాళ్ళు ఇంతవరకూ లేరు. అయినా లేచి వెళ్ళి గిన్నె పొయ్యి మీద పెట్టింది. కోడలు వేడినీళ్ళలో గుడ్డ ముంచి, పిండి, అణిగిన చోట పరిచేది. మెత్తబడ్డాక రెండు పక్కల నుంచీ వేళ్ళతో మెల్లగా పైకి నొక్కేది. రబ్బరుకు రాసే గ్రీజు పట్టించి, మళ్ళీ గుడ్డ పరిచేది. మధ్యాహ్నం తిండి మాటే తలచలేదు. మూడింటికి రబ్బరు లేచింది. చుక్కలు మాత్రం పూర్తిగా పోలేదు.

నాలుగింటికి డాక్టరమ్మ వచ్చింది. వెంట ఇద్దరు. అందులో బుర్రమీసాలాయన ముందే అన్నీ అనుమానంగా చూస్తున్నాడు. కారు గుడ్డ కప్పు మడిచి పెట్టారు. అత్త ఒక పక్క, కోడలు ఒక పక్క పట్టుకుని, గట్టి కప్పును డిక్కీ మీదుగా తెచ్చి, వెనక మేకులను వాటి రంధ్రాల్లోకి దించి, ముందు కొక్కేలు వేశారు.

అక్కడితో అయిపోయిందనుకున్నారు అందరూ. కోడలు మాత్రం పాత పేపరు సన్నగా చించి, రబ్బరు కింద ఒక్కో ముక్కా పెట్టి లాగి చూసింది. పట్టు ఉంటే కాగితం కదలకూడదు. అన్నిచోట్లా కదల్లేదు. ఎడమ మూలకు వచ్చేసరికి వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు వచ్చేసింది.  కోడలు తొణక్కుండా వెనక బిగింపు మరను అర చుట్టు తిప్పి మళ్ళీ లాగింది. కాస్త బిగిసింది. ఇంకో పావు చుట్టు తిప్పింది. ఈసారి కాగితం చిరిగిందే కానీ కదల్లేదు.

తర్వాత తనే కారు లోపల కూర్చుని తలుపు వేసుకుంది. బుర్రమీసాలాయన పైపు అందుకుని, పాత పగ ఏదో ఉన్నట్టు ఎడమ మూల మీదే పది నిమిషాలు నీళ్ళు కొట్టాడు. కోడలు దిగింది. డాక్టరమ్మ తెల్ల రుమాలుతో లోపలి అంచంతా తుడిచి విప్పి చూపించింది. పొడిగా ఉంది.

"సీట్లమ్మ చెయ్యి పడితే ఇక తిరుగేముంది" అన్నాడు మీసాలాయన, మొహమంతా నవ్వుతో.

"ఏడూ మీకే. కానీ ఒక్క మాట, తొడుగులు మీరే కుట్టాలి, ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు" అంది డాక్టరమ్మ.

కోడలు వంగి పైపు చుట్టుకుంటోంది. ఆ పిల్ల నోరు విప్పదని సీట్లమ్మకు తెలుసు. ఊ అంటే చాలు, కొట్టూ దక్కుతుంది, పేరూ దక్కుతుంది. సీట్లమ్మ కప్పు దగ్గరకు నడిచింది.

"నేను కుడితే మీ రబ్బర్లు పాడవుతాయి" అంది. కప్పు ఎడమ మూల కింద వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ నలిపేసింది నా కుట్టే. అంత బిగువు వద్దని ముందే చెబితే వినలేదు. పొద్దుట్నుంచీ కూర్చుని బాగుచేసింది నా కోడలు. ఆ తొడుగులు దాని చేత కుట్టించడానికి ఒప్పుకుంటేనే కప్పులు పంపండి."

మీసాలాయన వంగి ఆ చుక్కల్ని చాలాసేపు చూశాడు. లేచి, "నాది రేపే తెస్తాను. ఈ అమ్మాయికే ఇస్తాను" అన్నాడు. డాక్టరమ్మ తలూపింది.

సీట్లమ్మ తలెత్తుకుని నిలబడింది. ఎన్ని సీట్లు కుట్టినా ఇంత గర్వం ఆమెకు ఎప్పుడూ కలగలేదు.

వాళ్ళు వెళ్ళాక కోడలు దగ్గరకొచ్చి గుసగుసగా అంది. "అత్తయ్యా, ఒప్పేసుకున్నారు సరే, నాకు మిషను తొక్కడం రాదు కదా."

"అది నేను నేర్పుతాలే. ఎక్కడ వదలాలో మాత్రం నువ్వే నేర్పాలి నాకు" అంది సీట్లమ్మ.