గంగమ్మ వాటా

చేపలమ్మే సుబ్బరత్నాన్ని పిసినారి అని ఎవరూ అనలేరు. తెనాలి బజారులో ఆవిడతో బేరమాడడానికి వచ్చిన ఎంత గడుసు ఇల్లాలైనా నీళ్లు నమలాల్సిందే, అది వేరే సంగతి. పిల్లికి బిచ్చం పెట్టనివాళ్ల గురించి మనం మాటవరసకు చెప్పుకుంటాం. ఈవిడ మాత్రం నిజంగానే రోజూ ఓ పిల్లికి పెట్టేది.

తెల్లవారుజామునే నిజాంపట్నం రేవులో చేపలు వేలంపాటలో కొనుక్కోవడం, మేనల్లుడు నాగశివ ఆటోలో రేపల్లె స్టేషనుకు రావడం, అక్కడ తెనాలి రైలెక్కడం ఆవిడ నిత్యకృత్యం. దారిలో కొంతదూరం రోడ్డు మడ అడవిని ఒరుసుకుంటూ పోతుంది. అది రక్షిత అడవి అని అటవీశాఖవారి బోర్డు కూడా ఉంది. అక్కడి కల్వర్టు రాగానే నాగశివ రెండుసార్లు హారన్ కొట్టి ఆటో ఆపేవాడు. సుబ్బరత్నం గంపలోంచి గుప్పెడు చిన్నచేపలు తీసి రోడ్డు పక్కన వేసేది. తొలి బేరానికి ముందు గంగమ్మ వాటా తీయాలన్నది వాళ్లమ్మ నేర్పిన ఆచారం. ఆ తల్లి కాలంలో ఆ వాటా రేవులోనే నీళ్లలో కలిసేది. ఇప్పుడు ఆటోలు వచ్చాయి, వాటితోపాటు తొందర వచ్చింది, వాటా కాస్తా రోడ్డెక్కింది.

ఆ వాటా తినడానికి ఓ బావురుపిల్లి అలవాటు పడింది. ఊరపిల్లికి రెండింతలుంటుంది, ఒంటినిండా నల్లమచ్చలు. నీళ్లలో దిగి చేపలు పట్టుకోవడం దాని పుట్టుకతో వచ్చిన విద్య. మొదట్లో ఆటో వెళ్లిపోయాక వచ్చేది. తర్వాత హారన్ వినగానే రాసాగింది. నిరుడు ఓ పిల్లను కూడా వెంటపెట్టుకొచ్చింది. "బాలింతరాలు, పాలు పడొద్దా?" అంటూ సుబ్బరత్నం వాటా రెట్టింపు చేసింది. ఆవిణ్ణి చూసి దుర్గ, ఇంకో ఇద్దరు చేపలమ్మే ఆడవాళ్లు కూడా పుణ్యమొస్తుందని అక్కడే గుప్పెడేసి వేయడం మొదలుపెట్టారు.

ఏడాదిలో ఆ కల్వర్టు దగ్గర వేరే రెండు బావురుపిల్లులు బండ్ల కింద పడి చచ్చిపోయాయి. ఆ రెండుసార్లూ సుబ్బరత్నం రొయ్యల లారీలను నోరారా తిట్టింది. ఆ తిట్లలో అన్యాయమేమీ లేదు. అడవి పక్కన మెల్లగా పొమ్మన్న బోర్డును చదివిన డ్రైవరు ఇంకా పుట్టలేదు. స్పీడు బ్రేకర్లు వేయమని ఎవరో ఎవరికో రాశారట, ఆ కాగితం ఏ బల్ల మీద నిద్రపోతోందో తెలియదు.

ఈ వేసవిలో సుబ్బరత్నానికి జ్వరం వచ్చింది. ఆరు రోజులు మంచం దిగలేదు. రేవులో సరుకు తక్కువగా ఉండి మిగతావాళ్లు కూడా ఆ దారిన రాలేదు. ఆరో రోజు పొద్దున అటవీశాఖలో కాపలా పనిచేసే వీరబ్రహ్మం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, పెద్ద పిల్లి పోయింది" అన్నాడు.

సుబ్బరత్నం లేచి కూర్చుంది. "లారీయేనా? వాడి చేతులు పడిపోను."

"లారీయే. నంబరు రాసుకున్నా, కేసు పెడుతున్నారు." వీరబ్రహ్మం గుమ్మంలోనే కూర్చున్నాడు. "ఒక మాట చెప్తాను, తప్పుగా అనుకోకక్కా. నువ్వు రాని ఈ ఆరు రోజులూ అది పొద్దున్నే వచ్చి రోడ్డు మీద కూర్చునేది. రెండుసార్లు తోలాను. మళ్లీ వచ్చింది. ఇవాళ నా కళ్ల ముందే జరిగింది. లారీవాడు హారన్ కొట్టాడు. ఏ జంతువైనా పక్కకి పోవాలి గదా. ఇది ఎదురెళ్లింది."

తాను పెట్టిన చేపలే దాన్ని చావుకు ఎదురు నడిపించాయని తెలిశాక సుబ్బరత్నం మనసు ఎంత కుమిలిపోయిందో చెప్పనలవి కాదు. ఆవిడ పిల్ల సంగతి అడిగింది.

"పిల్ల?"

"ఉంది. వేటాడే ఈడే. తల్లి దానికి కాలవ చూపించిందో, రోడ్డే చూపించిందో మరి."

"తెచ్చి నేను పెంచనా?"

"అది అడవిది, పెంచకూడదక్కా. ఎవరూ ఏమీ పెట్టొద్దు, అక్కడ హారన్ కొట్టొద్దు. చేయగలిగితే అదొక్కటే సాయం."

మర్నాడు సుబ్బరత్నం గంగమ్మ వాటాను రేవులోనే నీళ్లకు సమర్పించి ఆటో ఎక్కింది. కల్వర్టు దగ్గర పిల్ల ఒంటరిగా నిలబడి ఉంది. నాగశివ ఆటో నెమ్మది చేశాడు.

"మన వంకే చూస్తోందత్తా."

"చూడనీరా. ఆపకు."

గంప మూత రెండు చేతులా నొక్కిపట్టుకుని ఆవిడ ఏడ్చింది. రేపల్లె స్టేషన్లో మిగతావాళ్లకు జరిగిందంతా చెప్పి, మీరు కూడా వేయొద్దని బతిమాలింది. దుర్గకు ఆ మాట రుచించలేదు.

"నోరులేని జీవానికి పెడితే తప్పా వదినా? ఆకలికి చస్తే ఆ పాపం నీది కాదా?"

సుబ్బరత్నం మళ్లీ బతిమాలితే, అయిష్టంగానే దుర్గ కూడా వేయడం మానేసింది. రోజులు గడిచేకొద్దీ పిల్ల డొక్కలు కనబడసాగాయి. ఒకరోజు ఆవిడ చెయ్యి తనకు తెలియకుండానే గంపలోకి పోయింది. చేప తీసి, మళ్లీ గంపలోనే వేసేసింది. పెట్టడం కంటే పెట్టకుండా ఉండడం కష్టమని యాభైయేళ్లు వచ్చాక ఆవిడకు తెలిసింది.

మూడోవారంలో ఓ పొద్దున కల్వర్టు దగ్గర పిల్ల లేదు. ఆ రోజు దుర్గ కూడా అదే ఆటోలో ఉంది. సుబ్బరత్నం ఆటో ఆపించి, దిగి రోడ్డంతా వెతికింది. ఎక్కడా నెత్తురు మరక లేదు. అంతలో గట్టు మీదనుంచి వీరబ్రహ్మం మాట్లాడకుండా చేయెత్తి పిలిచాడు. వెళ్లి చూస్తే, దిగువన కాలవ బురదలో పిల్ల నిలబడి ఉంది. దాని నోట్లో బతికున్న చేప కొట్టుకుంటోంది. మనుషుల అలికిడికి అది ఒక్క దూకులో మడచెట్లలోకి మాయమైంది.

దుర్గ కళ్లు తుడుచుకుంది. "పిచ్చిముండ, తనే పట్టుకుంది. ఈ ఒక్కసారికీ గట్టు మీద గుప్పెడు వేద్దాం వదినా."

సుబ్బరత్నం దుర్గ చెయ్యి పట్టుకుని ఆటో వైపు నడిపించింది.

"వద్దే దుర్గా. ఇప్పుడది మనల్ని చూసి పారిపోయింది, రేపు లారీని చూసినా పారిపోద్ది. అడవి జీవం మీద ప్రేముంటే పిలిచి పెట్టడం కాదమ్మా, దాని దారిన దాన్ని బతకనియ్యాలి."